నెలకు పది కిలోలు

భువనగిరి ప్రభుత్వాసుపత్రి. క్యాజువాలిటీ గదిలో స్ట్రెచర్ మీద యాస్మిన్ ఉంది. వయసు ఇరవై ఆరు. ఆటోలో తెచ్చేసరికే ప్రాణం లేదని డ్యూటీ డాక్టర్ రాసి, పోలీసులకు కబురు పెట్టాడు.

దసరా మరునాడు. ఉదయం 7:40.

ఎస్సై యాదలక్ష్మి దుప్పటి తొలగించి చూసింది. గాయం లేదు. మెడ మీద గుర్తు లేదు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. గాజులు జారిపోకుండా యాస్మిన్ మణికట్టుకు దారం చుట్టుకుంది. కుర్తా రెండు పక్కలా లోపలికి కుట్టుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. పాత కుట్టు విప్పిన ఆనవాళ్లు వరసగా కనబడుతున్నాయి.

ఈ పిల్ల చాలా తొందరగా చిక్కిపోయింది.

యాదలక్ష్మి లావు మనిషి. ఈ మాట ఇక్కడే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆమెను చూసిన ప్రతివాడికీ ముందు అదే కనబడుతుంది, ఆమె భుజం మీది రెండు స్టార్లు తర్వాత కనబడతాయి. దొంగ పరుగెడితే ఎట్లా పట్టుకుంటారు మేడం అని నవ్వేవాళ్లున్నారు. ఆమె ఇప్పటిదాకా పట్టుకున్న దొంగలెవరూ నవ్వలేదు.

వరండాలో గోడకు ఆనుకుని ఒక పెద్దామె కూలబడి ఉంది. యాస్మిన్ తల్లి హసీనా. పోలీసు డ్రెస్ కనబడగానే తలెత్తింది.

"నేనే చంపిన మేడం. నన్ను తోల్కపోండ్రి."

యాదలక్ష్మి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. మోకాళ్లు నొప్పి పెట్టినా కూర్చుంది.

"ఎట్ల చంపినవమ్మా?"

"రాత్రి ఖిచిడీ తినిపిచ్చిన. నా చేతితోని. వద్దు అమ్మీ అన్నది. నేను ఇనలే. ఖాళీ కడుపుల బువ్వ పడెనంట, గుండె ఆగిపాయెనంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"సెంటర్ మేడం చెప్పింది. నిహారిక మేడం."

కొడుకు ఫైసల్ మిగతాది చెప్పాడు. అతనికి గంజ్ బజారులో మొబైల్ రిపేర్ షాపు ఉంది. అక్క బట్టలు కుట్టేది, పెళ్లిళ్లకు మెహందీ పెట్టేది. బస్టాండ్ దగ్గర కొత్తగా పెట్టిన సన్నబడే సెంటర్లో చేరింది. నెలకు పది కిలోలు తగ్గిస్తామని వాళ్ల మాట. పొద్దున, సాయంత్రం వాళ్లిచ్చిన డబ్బాలోని పొడి నీళ్లలో కలిపి తాగాలి. మధ్యాహ్నం ఒక దోసకాయ. అంతే.

తగ్గింది కూడా. అబద్ధం లేదు. ఒకరోజు పొద్దున్నే కోట ఎక్కింది. చిన్నప్పటి నుంచి సగం మెట్ల దగ్గరే కూలబడే పిల్ల, రాయి పైదాకా ఎక్కి, అక్కడి నుంచి వీడియో కాల్ చేసి ఏడ్చిందట. వాడకట్టులో అందరూ మెచ్చుకున్నారు. ఎన్నడూ పలకరించని వాళ్లు ఆపి మరీ అడిగారు. ఆమెను చూసి ఇంకో ఇరవై మంది ఆ సెంటర్లో చేరారు.

యాదలక్ష్మికి ఆ సంతోషం తెలుసు. షాద్‌నగర్లో పనిచేసినప్పుడు తనూ ఇట్లాంటి పొడి ఒక డబ్బా తాగింది. మొదటి వారం బెల్టు రెండు రంధ్రాలు లోపలికి పోయింది. ఒళ్లు గాలిలో తేలినట్టు అనిపించింది. తర్వాత జుట్టు రాలింది. పొడి మానేసిన మూడు నెలలకు పోయిన బరువంతా వడ్డీతో సహా వచ్చింది. ఆ రోజు నుంచి తన ఒంటి గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వడం మానేసింది.

"మేడం, పోస్ట్‌మార్టం వద్దు. సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత మిట్టి ఇస్తం. అక్కను కొయ్యనియ్య," అన్నాడు ఫైసల్.

"తమ్ముడూ, నమాజ్ టైముకు నీ అక్కను నీకు అప్పజెప్పే పూచీ నాది. కానీ గిట్లనే మట్టిచేస్తే, మీ అమ్మ బతికినన్ని దినాలు తనే చంపిన అనుకుంట బతుకుతది. నీకు అది సమ్మతమేనా?"

ఫైసల్ తల్లి వైపు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు.

డాక్టర్‌ను యాదలక్ష్మి సూటిగా అడిగింది. పిడికెడు ఖిచిడీ మనిషిని చంపుతుందా? అంత తేలిగ్గా చంపదన్నాడు డాక్టర్. తిండికి ముందు ఎట్లా ఉండేదని హసీనాను అడిగాడు. వారం నుంచి పిక్కలు పట్టేస్తున్నాయని ఏడ్చేది. గుండె దడదడ అనేది. రాత్రంతా ఒంటేలుకు లేస్తూనే ఉండేది. మూడు రోజులుగా మంచం దిగి గడప దాటలేదు.

డాక్టర్ మొహం మారింది. ఒంట్లో నీళ్లూ లవణాలూ తోడేసినట్టుందన్నాడు. ఒట్టి పస్తు ఇంత తొందరగా ఈ పని చెయ్యదు. ఆ డబ్బాలో ఏముందో చూడమన్నాడు.

యాస్మిన్ ఇల్లు కోట కింది గల్లీలో. రెండు గదులు, వెనక వంటగది. యాదలక్ష్మి వెళ్లేసరికి గుమ్మంలో చుట్టుపక్కల ఆడవాళ్లు గుమిగూడారు. వాళ్ల మధ్య లేత రంగు చీర, సన్నటి మనిషి. నిహారిక. ముందు యాదలక్ష్మి పొట్ట వైపు చూసి, తర్వాత నమస్కారం పెట్టింది.

"నాకు ఫోన్ రాగానే వచ్చేశాను మేడం. వీళ్లు ఆసుపత్రికి బయల్దేరేటప్పటికే ఇక్కడున్నాను. చాలా బాధగా ఉంది. మా డబ్బా లోపల షెల్ఫ్ మీదే ఉంది. తీసుకెళ్లి ల్యాబ్‌కు పంపండి. ఒక్క తప్పు దొరికినా సెంటర్ మూసేస్తాను."

అడక్కముందే ఇంత చెప్పింది.

"ఈ డబ్బా ఎప్పుడిచ్చిండ్రు?"

"పదిహేను రోజులైంది."

"మళ్ల ఇయ్యలే?"

"లేదు. అసలు సెంటర్‌కే రాలేదు. తూకానికి రమ్మని మెసేజ్ కూడా పెట్టాను."

"ఇంట్లవాళ్లెవరన్న వచ్చి కొనుక్కపోయిండ్రా?"

"ఎవరూ రాలేదు. నిన్న పొద్దున పూజ చేసుకుని తాళం వేశాను. ఎవరికీ ఏదీ అమ్మలేదు."

యాదలక్ష్మి చేతికి గ్లవుజులు తొడుక్కుని డబ్బా తీసింది. తెల్ల ప్లాస్టిక్ డబ్బా. సగం ఖాళీ. మూత మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ. హెడ్ కానిస్టేబుల్ సోమన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ తెచ్చాడు. ఆమె దాన్ని కవర్లో వేసి సీలు చేసి బయటికి నడిచింది.

జీపు దగ్గరికి రాగానే ఫోన్ మోగింది. సీఐ. తినక తినక తిని చచ్చిపోతే దానికి హైరానా ఎందుకన్నాడు. సహజ మరణం అని రాసి పండుగ పూట ఇంటికి పొమ్మన్నాడు. ఆ సెంటర్ ఆమె పెద్దవాళ్లకు తెలిసిన మనిషి అని గొంతు తగ్గించి చెప్పాడు. చివరికి నవ్వాడు. నువ్వు కూడా ఒక నెల అందులో చేరితే డిపార్ట్‌మెంటుకు మంచిది యాదలక్ష్మీ అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. డబ్బా కవర్‌ను బానెట్ మీద పెట్టింది.

"సార్, కేసు మూయమని రాతపూర్వకంగ ఇయ్యండి, మూసేస్త. నా బరువు సంగతి కూడ అదే కాయితం మీద రాయండి."

అటువైపు ఫోన్ కట్టయింది.

ఆమె చూపు బానెట్ మీద పడింది. నిన్న ఆయుధ పూజ. స్టేషన్లో తుపాకులకూ లాఠీలకూ వైర్‌లెస్ సెట్‌కూ, చివరికి కంప్యూటర్‌కు కూడా సోమన్న బొట్లు పెట్టాడు. జీపు బానెట్ మీద గుండ్రంగా పసుపు, మధ్యలో కుంకుమ. దాని పక్కన కవర్లో డబ్బా. డబ్బా మూత అంచున గుండ్రంగా పసుపు, మధ్యలో కుంకుమ.

యాదలక్ష్మి కవర్ చేతిలోకి తీసుకుంది. ఇందాక వంటగదిలో ఆ బొట్టు చూసింది. చూసి కూడా పట్టించుకోలేదు. నిన్నటి నుంచి ఎటు చూసినా బొట్లే. సైకిల్‌కు, ట్రాక్టర్‌కు, మిషన్‌కు, మిక్సీకి. కళ్లు వాటిని లెక్కలోకి తీసుకోవడం మానేశాయి.

తిరిగి లోపలికి వెళ్లింది. గ్యాస్ స్టవ్ చూసింది. మిక్సీ చూసింది. యాస్మిన్ కుట్టుమిషన్ చూసింది. ఎక్కడా పసుపు చుక్క లేదు. ఉండదు కూడా. ఇది హసీనా ఇల్లు.

ఆసుపత్రికి ఫోన్ చేసి హసీనాతో మాట్లాడింది. పొద్దున మీ వంటగదిలోకి ఎవరు పోయారని ఒక్కటే ప్రశ్న.  ఎవరూ పోలేదంది హసీనా. తర్వాత గుర్తు తెచ్చుకుంది. తనకు నోరెండిపోతుంటే నిహారిక మేడమే లోపలికి పోయి గ్లాసుడు నీళ్లు తెచ్చి తాగించిందట. అంత పెద్ద మనిషి, పాపం తన చేతితో తాగించిందని హసీనా ఏడ్చింది.

పన్నెండు దాటేసరికి సెంటర్ తాళం తీయించారు. సాక్షులుగా ఇద్దరు పంచులు, సోమన్న. నిహారిక తన కుర్చీలో కూర్చుంది. ఎదురుగా హసీనా, ఫైసల్. వాళ్లను యాదలక్ష్మే పిలిపించింది. తలుపు బయట సెంటర్లో చేరిన ఆడవాళ్లు పోగయ్యారు. వాళ్లను పంపెయ్యమని నిహారిక అడిగింది. ఉండనియ్యమంది యాదలక్ష్మి.

షోకేసులోని డబ్బాలన్నీ సోమన్న బల్ల మీద పేర్చాడు. ప్రతి మూత మీదా పసుపు, కుంకుమ.

"పూజ నిన్ననే చేసిండ్రు గదా?"

"అవును. అయితే ఏమిటి?"

"యాస్మిన్ డబ్బా పదిహేను రోజుల కిందటిది. తర్వాత ఆమె రాలే, ఎవ్వరు రాలే. ఇంకోటి అమ్మలే. ఇవి మీ మాటలే. మరి మీరు నిన్న పెట్టిన బొట్టు గా సాయెబుల ఇంట్ల, గా డబ్బా మీదికి ఎట్లొచ్చింది?"

నిహారిక చూపు బల్ల మీది మూతల వైపు పోయింది. 

యాదలక్ష్మి బయటి ఆడవాళ్లకు కూడా వినబడేట్టు చెప్పింది. పొద్దున చావు కబురు రాగానే ఈమె ముందు ఇక్కడికి వచ్చింది. మంచి పొడి ఉన్న డబ్బా ఒకటి తీసి సగం పారబోసింది. దాన్ని సంచిలో వేసుకుని పరామర్శకు పోయింది. తల్లికి నీళ్లు తెస్తానని వంటగదిలోకి వెళ్లి డబ్బా మార్చింది. వీళ్లు ఆసుపత్రికి పోగానే పాత డబ్బాను ఇక్కడ దాచి మళ్లీ ఆ ఇంటికి వచ్చింది. పండుగ మరునాడు కదా, బొట్టు ఆమె కంటికి ఆనలేదు. నా కంటికీ ఆనలేదు మొదట.

"అంటే బొట్టు లేని డబ్బా ఒకటి ఇక్కడ ఉండాలె. సోమన్నా, చూడు."

సోమన్న వెనక గదిలో వెతికాడు. చీపుర్ల వెనక, నల్ల కవర్లో దొరికింది. సగం వాడిన డబ్బా. మూత మీద బొట్టు లేదు. మెహందీ మరక ఉంది. అదే గదిలో ఒక మిక్సీ, ఒంట్లో నీరు తీసే గోళీల ఖాళీ షీట్లు గుట్టగా ఉన్నాయి.

ఫైసల్ లేవబోయాడు. సోమన్న భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ల్యాబ్ రిపోర్ట్ రానియ్యండి," అంది నిహారిక. తల దించలేదు.

"వస్తది. అందాక ఒకటి చెప్పు. నీ పొడిల తప్పు లేకపోతే డబ్బా ఎందుకు మార్చినవు?"

నిహారిక బయటి ఆడవాళ్ల వైపు చెయ్యి చూపించింది.

"వీళ్లనే అడగండి. మెల్లగా తగ్గుదాం, ఆరు నెలలు పడుతుంది అంటే ఒక్కరైనా చేరారా? నెలకు రెండు కిలోలని బోర్డు పెట్టినప్పుడు ఈగలు తోలుకున్నాను. పది అని మార్చగానే క్యూ కట్టారు. వాళ్లు అడిగిందే ఇచ్చాను."

 ఆ మాటలో కొంత నిజం ఉందని యాదలక్ష్మికి తెలుసు. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"వాళ్లు సన్నగైతమని అడిగిండ్రు. గోళీలు నూరి పొయ్యమని అడగలే. పిక్కలు పట్టేస్తున్నయని నీకు చెప్తే ఏమన్నవు?"

 ఫైసల్ అక్క ఫోన్ తీసి నిహారిక పంపిన మెసేజ్ చదివాడు. కొవ్వు కరుగుతోంది, ఓర్చుకో అని ఉంది.

 హసీనా నెమ్మదిగా అడిగింది.

"మేడం, మరి నా ఖిచిడీ?"

"నీ ఖిచిడీ ఏం చెయ్యలేదమ్మా. ఈ నెలల ఆమె కడుపుకు మంచి జేసింది అదొక్కటే."

హసీనా లేచింది. నిహారిక ముందుకు పోయి నిలబడింది. కొడుతుందేమోనని సోమన్న అడుగు ముందుకేశాడు. ఆమె కొట్టలేదు.

"నా బిడ్డ పోయిన పొద్దుగాల నాకు నీళ్లు తాపిచ్చినవు. తాపిచ్చి, నువ్వే చంపినవని చెప్పినవు. నేను నమ్మిన."

అంతే అంది. బయట ఆడవాళ్లలో ఒకామె కొంగులో దాచుకున్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇంకో ఇద్దరు ఇంటికి వెళ్లి తెస్తామన్నారు. ఒకామె మాత్రం తెచ్చిన డబ్బా ఇవ్వకుండా చాలాసేపు చేతిలో తిప్పుతూ నిలబడింది. ఆఖరుకు యాదలక్ష్మి తనే చెయ్యి చాపి తీసుకుంది.

నిహారికను జీపు ఎక్కించాక, హసీనా గోడ వైపు తిరిగింది. అక్కడ ఒక ఫ్లెక్సీ ఉంది. రెండు ఫొటోలు పక్కపక్కన. ఎడమ వైపు యాస్మిన్ బొద్దుగా, పెళ్లి ఇంట్లో మెహందీ కోన్ చేతిలో పట్టుకుని నవ్వుతోంది. కుడి వైపు యాస్మిన్ సన్నగా, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

కత్తెర కావాలని అడిగింది హసీనా. ఫైసల్‌కు అర్థమైంది. కుడి వైపుది తీసుకుందాం అమ్మీ, అందులో అక్క మంచిగుందన్నాడు.

"గా పిల్ల నాకు ఎర్కలే బేటా. గీమెను నేను కన్న, గీమెను నేను సాదిన."

సాక్ష్యంగా ఫ్లెక్సీ అంతా సీజ్ చెయ్యాలి మేడం అని సోమన్న గుర్తు చేశాడు.

"కేసుకు కుడి సగం చాలు," అని యాదలక్ష్మి కత్తెర తెచ్చి ఆమె చేతికిచ్చింది.