కేబిన్ ఎత్తనివ్వకు

నల్లటి పొగ!

మసక చీకట్లో కాలవగట్టు రోడ్డంతా కమ్మేస్తోంది.

బుల్లబ్బాయి డొక్కలో పిస్టల్ గుచ్చుకుంటోంది.

"తొక్కు" అంటాడు పక్క సీట్లో వాడు.

తొక్కుతూనే ఉన్నాడు. లారీ లాగడం లేదు...

వెనక కొబ్బరికాయల బస్తాల మధ్య చేతులు కట్టేసి ఉంది లావణ్య. చనిపోయిన ఓనరుగారి ఒక్కగానొక్క కూతురు. లారీలన్నీ ఇప్పుడు ఆ పిల్ల పేరు మీదే.

రావులపాలెం దాటాక పిల్లని గోదాట్లో తోసేస్తానని వీడే ఎవరికో ఫోన్లో చెప్పాడు!

ఇందాక కొత్తపేటలో ఓనరుగారి షెడ్డులో మెకానిక్ బుల్లబ్బాయి ఈజీఆర్ వాల్వు విప్పి మసి గీకుతున్నాడు. ఇంజను వదిలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకే పంపే వాల్వు అది. మసి తియ్యకపోతే బిగుసుకుపోతుంది. "డమ్మీ ప్లేటు కొట్టి మూసెయ్యవోయ్, పికప్ వస్తుంది" అంటారు లావణ్య బాబాయి దత్తసాయిగారు, ఎప్పుడొచ్చినా. బుల్లబ్బాయి వినడు. గీకుతాడు.

అప్పుడే వీడు పిల్లని లాక్కొచ్చాడు. వాల్వు బిగించి బండి తియ్యమన్నాడు.

బిగించాడు... మూసుకోకుండా లోపల నట్టు అడ్డం పెట్టి!

లారీ ఆగిపోయింది.

"వాల్వు పట్టేసిందండి. ఇంజను కేబిన్ కిందండి, కొద్దిగా ఎత్తితేగానీ చెయ్యి దూరదండి."

"నేను దిగాలా?"

"ఎందుకండీ, జనం చూస్తారు. మీరు కూర్చోండి."

వాడు కూర్చున్నాడు. కిటికీలోంచి పిస్టల్ బుల్లబ్బాయి నెత్తికే గురి.

కిందకి దిగి కేబిన్ లాకు తీశాడు. జాకీ కొడుతున్నాడు. కేబిన్ ముందుకి వంగుతోంది...

"చాలు."

"ఆయ్."

అన్నాడు. ఇంకోటి కొట్టాడు!

సగం దాటితే కేబిన్ తన బరువుకి తనే పడుతుంది. మనిషి లోపలుండగా ఏ మెకానిక్కూ ఎత్తడు.

ధడేల్!

వాడు అద్దం మీద బోర్లా పడ్డాడు. కదలడం లేదు. పిస్టల్, సెల్‌ఫోన్ ఎగిరొచ్చి రోడ్డు మీద పడ్డాయి.

బుల్లబ్బాయి పరిగెత్తి లావణ్య కట్లు విప్పాడు. దిగుతూనే పిల్ల పిస్టల్ అందుకుంది.

వెనక కొద్ది దూరంలో జీపు లైట్లు...

"మా బాబాయి జీపు!" అంటూ పిల్ల అటు పరిగెత్తింది.

హమ్మయ్య!

కింద సెల్ మోగింది. బుల్లబ్బాయి చెవిన పెట్టుకున్నాడు.

"పొగ చూసేనురా. బండి ఆగిందేంటి? ఆ బుల్లబ్బాయిగాడు కేబిన్ ఎత్తుతానంటే ఎత్తనివ్వకు. లోపల నువ్వున్నా ఎత్తేస్తాడు."

ఆ గొంతు...

దత్తసాయిగారు!

"అమ్మాయిగారూ, ఆగండి! వీడికి ఫోన్ చేసింది ఆయనే!"

లావణ్య నిలబడిపోయింది.

జీపు తలుపు తెరుచుకుంది. "రా తల్లీ, భయపడ్డావా" అంటూ దిగాడు బాబాయి. లైట్ల వెలుగులో ఆయన చేతిలో కొబ్బరి కత్తి తళుక్కుమంది.

ఢాం!

మళ్లీ పొగ...

ఈసారి లావణ్య చేతిలోంచి.