తాళం లేని ఫోన్

రుచిత స్కూల్ బ్యాగును మంచం మీద గుమ్మరించింది. పుస్తకాలు, జామెట్రీ బాక్సు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ పడ్డాయి. నాన్న ఫోన్ మాత్రం పడలేదు.

దులిపితే ఫోన్ పుట్టుకొస్తుందా? అయినా ఇంకోసారి దులిపింది.

నాన్న చంద్రకాంత్ పనిచేసే మందుల కంపెనీలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. రోజూ దాన్ని ఇంట్లో పెట్టి పోతాడు. బడి నుంచి రాగానే అది రుచిత చేతికి వస్తుంది. నాన్న ఎనిమిదింటికి వస్తాడు. ఇప్పుడు ఐదు. అమ్మ ఊరికి పోయింది.

"ఏడ పెట్టినవ్ అక్కా?" అన్నాడు తమ్ముడు మహేష్. వాడికి కార్టూన్ల బెంగ.

రుచిత బెంగ వేరు. ఆ ఫోన్‌లో వాళ్ల మేడ మీద కిరాయికి ఉండే ఆరు గదులవాళ్ల ఆధార్ కార్డుల ఫొటోలు ఉన్నాయి. గది ఇచ్చే ముందు నాన్న అందరి కార్డులూ ఫొటో తీసుకుంటాడు.

మూడు నెలల కింద బ్యూలా అక్క గది కోసం వచ్చినప్పుడు కార్డు ఇవ్వడానికి వెనకాడింది. "ఇది ఎవరి చేతిల పడదు కదా అన్నా?" అని రెండుసార్లు అడిగింది.

"పరేషాన్ కాకమ్మా. నా ఫోన్‌కు లాక్ ఉంటది," అన్నాడు నాన్న.

ఆ లాక్‌నే రుచిత తీసేస్తోంది. తమ్ముడు "తెరువక్కా, తెరువక్కా" అని ప్రాణం తోడేస్తున్నాడని, బడి నుంచి రాగానే తీసేయడం, ఆయన వచ్చే ముందు మళ్లీ పెట్టడం. వారం రోజులుగా ఇదే తంతు. పెద్ద తెలివి అనుకుంది పాపం.

పరుగున మేడెక్కింది. ఆ రోజు బ్యూలాకు డ్యూటీ లేదు.

"అక్కా, నాన్న ఫోన్ కనిపిస్తలేదు. జెర నీ ఫోన్‌తోని రింగ్ ఇస్తవా?"

"ఏడ మర్చిపోయినవ్?"

"జిరాక్స్ షాపుల కావచ్చు. ఇందాక ఫోన్ బ్యాగుల ఏసుకపోయి ప్రాజెక్టు బొమ్మలు ప్రింట్ తీయించిన."

"భయపడకు. లాక్ ఉంది కదా!"

రుచిత "ఆ... ఉంది," అంది.

ఒకసారి రింగ్ అయింది, ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎత్తారు. బ్యూలా స్పీకర్ పెట్టింది.

"హలో! జిరాక్స్ షాపు మల్లేష్‌ను. ఎవరి ఫోనో తెలుస్తదని ఫొటోలు తెరిచిన. అన్నీ ఆధార్ కార్డులే. బ్యూలా అని ఎవరో అమ్మాయిది కూడా ఉంది. ఎరుకనా అని వచ్చినోళ్లందరికీ చూపిస్తున్న."

పాపం, ఆయన మంచికే చేశాడు. కానీ బ్యూలా మొహం పాలిపోయింది.

"ఇగ ఎవ్వరికీ చూపియ్యకు అన్నా. వస్తున్నం," అని ఫోన్ పెట్టేసి రుచిత వైపు తిరిగింది. "లాక్ ఉందన్నవ్ కదా?"

రుచితకు ఏడుపు ఆగలేదు. "నేనే తీసిన అక్కా. నాన్నకు ఎరుక లేదు."

బ్యూలా తిట్టలేదు. చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అంది. "పోయినేడు నా కార్డు మీద ఎవరో సిమ్ తీసుకున్నరు. దాంతోని ఎవరినో మోసం చేసిండ్రు. అది నేను కాదని చెప్పనీకి నాలుగుసార్లు పోలీస్ స్టేషన్‌కు తిరిగిన రుచీ."

తిట్టినా బాగుండేదని రుచితకు అనిపించింది.

షాపులో ఫోన్ అందగానే రుచిత అక్కడే నిలబడి లాక్ పెట్టింది.

రాత్రి నాన్న షూ విప్పకముందే అంతా చెప్పేసింది. నాన్న కేకలేస్తాడనుకుంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ పిల్లకు మాటిచ్చిన బిడ్డా," అన్నాడు.

మరునాడు నాన్నతో కలిసి ఆరు గదుల తలుపులూ తట్టి, జరిగింది రుచితే చెప్పింది. వాళ్ల ముందే నాన్న ఫొటోలు తీసేశాడు. వాటికి బదులు జిరాక్స్ కాగితాలు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

అంతటితో అయిపోలేదు. అంతకుముందు బ్యూలా డ్యూటీకి పోతూ గది తాళంచెవి రుచితకు ఇచ్చేది, నల్లా వస్తే డ్రమ్ము నింపమని. రుచిత దాన్ని వాకిట్లో మేకుకు తగిలించి ఆటకు పోయేది. ఇప్పుడు బ్యూలా తాళంచెవి ఇవ్వడం మానేసింది. డ్యూటీ దిగి వచ్చి, అలసిపోయి, కింది నుంచి బకెట్లు మోసుకుంటోంది. అది చూసినప్పుడల్లా రుచితకు అన్నం సయించేది కాదు.

రెండు వారాలు గడిచాయి. ఆదివారం మధ్యాహ్నం మెట్ల దగ్గర మహేష్ మళ్లీ మొదలుపెట్టాడు.

"లాక్ తీసెయ్యరాదు అక్కా! ఊకె తెరుసుడేంది?"

"నువ్వు పదిసార్లు అడుగు, పదిసార్లు తెరుస్త. తీసుడు మాత్రం లేదు," అంది రుచిత. గోడ వైపు తిరిగి, ఫోన్‌కు చేయి అడ్డం పెట్టి ప్యాటర్న్ గీసింది.

డ్యూటీ బ్యాగుతో మెట్లు దిగుతున్న బ్యూలా ఆగింది. కాసేపు చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి రుచిత చేతిలో తాళంచెవి పెట్టింది.

"నల్లా వస్తే డ్రమ్ము నింపు," అని గేటు దాటి వెళ్లిపోయింది.

రుచిత చేయి అలవాటుగా మేకు వైపు పోయింది. మధ్యలోనే ఆగింది. లోపలికి పోయి, తాళంచెవిని జామెట్రీ బాక్సులో, బాక్సును బ్యాగులో పెట్టి, జిప్పు చివరిదాకా లాగింది.