కార్లోనా?

మనవాళ్ళ షాపులుండే హారిస్ పార్క్ పేట‌లో శనివారం సాయంత్రం కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం గగనం. అలాంటిది, స్వీట్ షాపుకి ఎదురుగా, పాత కంచె పక్కనున్న జాగా మాత్రం ఎప్పుడూ ఖాళీయే. అక్కడ ఆపితే వెనకనుంచి ఎవరో గుసగుసలాడతారట. మనవాళ్ళు ఐదు చుట్లు తిరుగుతారు గాని అక్కడ ఆపరు.

నేను నవ్వేవాణ్ణి... భానుప్రసాద్‌కి జరిగింది వినేదాకా.

భానుప్రసాద్ మా పక్క ఫ్లాట్ కుర్రాడు. సాలూరు వాడు. కంపెనీ స్పాన్సర్ చేస్తే ఈ దేశంలో ఉంటాడు, లేకపోతే భార్యతో సహా మూటాముల్లే సర్దుకోవాలి. ఆ కంపెనీ వాసుదేవరావు అంకుల్‌ది. "నువ్వు నా కొడుకులాంటివాడివయ్యా" అని కనబడ్డవాడితోనల్లా అనే పెద్దమనిషి. అంతా ఆన్‌లైన్‌లోనే కదా అంటే, లేదు, సంతకాలు చేసిన కాగితాలు చేతికి కావాలన్నాడు. భానుప్రసాద్ భార్య ఉదయశ్రీ కవరు నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి మరీ ఇచ్చింది.

"వీసాకి వేసేశానయ్యా. నిశ్చింతగా ఉండు," అన్నాడాయన. అది మూడు నెలల కిందటి మాట.

జూన్ నెల, ఇక్కడ చలికాలం. ఆ రాత్రితో వీసా గడువు ఆఖరు. ఐదున్నరకే చీకటి పడిపోయింది. దెయ్యాలంటే నమ్మకం లేని అంకుల్ తన కారు సరిగ్గా ఆ కంచె పక్కనే ఆపి, తాళాలు భానుప్రసాద్ చేతికిచ్చాడు.

"ఈ బియ్యం బస్తా పెట్టేసి ఉండు. స్వీట్లు తీసుకొస్తా."

భానుప్రసాద్ డిక్కీ తెరిచాడు. వెనక... కంచె అవతలనుంచి... ఒక బొంగురు గొంతు.

"కార్లోనా..."

అంకులే అడుగుతున్నాడనుకున్నాడు.

"కాదండి, డిక్కీలో పెడతన్నాను."

"కార్లోనా..."

సరే, లోపలే పెట్టమంటున్నాడు కాబోలని వెనక తలుపు తీశాడు. సీటు మీద పాత కోటు పడి ఉంది. బస్తాకి చోటు చేద్దామని దాన్ని ఎత్తాడు—

కింద కవరు. నాలుగు మూలలా పసుపు. అంటించింది అంటించినట్టే ఉంది.

తిరిగి చూశాడు. కంచె దగ్గర ఎవరూ లేరు. అంకుల్ రోడ్డుకి అటువైపు, షాపు అద్దాల వెనక, జిలేబీ రుచి చూస్తున్నాడు.

"ఏటండీ ఇది?" అని అడిగితే ఆయన నసిగాడట. "ఆ ఉద్యోగం మా బావమరిది కొడుక్కి ఇద్దామని... నీకెలా చెప్పాలో తెలీక..." పైగా జిలేబీ పొట్లం చేతిలో పెట్టబోయాడు! నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"గొంతు ఎవరిదైతే నాకేటి అన్నయ్యా," అన్నాడు భానుప్రసాద్ నాతో. "మూడు నెలలు రోజూ ఆ కార్లోనే ఆఫీసుకెళ్ళాను. నా వెనక సీట్లోనే ఉందది."

ఈ కథ విన్నవాళ్ళంతా పాపం తెలుగు దెయ్యమేనని తేల్చేశారు. నేను కూడా. మర్నాడు పగటిపూట మా అమ్మాయి శ్రీలేఖను వెంటేసుకుని చూడబోయాను. కంచె లోపల, తీగల చాటున, ఒక పాత బోర్డు.

శ్రీలేఖ చదివింది. ఆ నేల ఒక నల్లవాడిదట. అమెరికాలో బానిసగా పుట్టాడు. అక్కడి స్వాతంత్ర్య యుద్ధంలో మా పక్షాన నిలబడు, స్వేచ్ఛ ఇస్తామని ఇంగ్లండు రాజు మనుషులు మాటిచ్చారు. నిలబడ్డాడు. తీరా లండన్‌లో ఆకలికి వదిలేశారు. చలికి కోటు దొంగిలిస్తే సంకెళ్ళు వేసి ఓడెక్కించి ఇక్కడ పడేశారు. తనలాంటివాళ్ళే మరికొందరితో కలిసి ఇక్కడ నేల దున్నుకున్నాడు. మళ్ళీ తన ఊరు చూడలేదు.

"ఏ ఊరమ్మా?"

"కార్లైనా, డాడ్. మనం కరోలినా అంటామే, అదే."

ఆ గొంతు పలికింది ప్రశ్న కాదు. ఊరి పేరు.

రేపు ఇంటికి తిరుగు ప్రయాణమనగా భానుప్రసాద్ నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి జరిగింది మాత్రం ఒకరు చెప్పగా విన్నది కాదు. చీకట్లో కంచె పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"కార్లైనా... మీ ఊరేనా? మాది సాలూరు."

రైలొకటి వెళ్ళిపోయింది. ఇక పోదాం పదమని భుజం మీద చెయ్యి వేశాను. అప్పుడు... కంచె అవతలనుంచి... ఎన్నడూ పలకని మాట కూడబలుక్కుంటున్నట్టు—

"సా... లూరు..."