సుస్మిత పాస్‌వర్డ్

సుస్మిత గొంతు పోయింది.

పుట్టుకతోనే మాటలు రాని ఆ పదేళ్ళ పిల్లకు గొంతంటే ఒక ట్యాబ్. బొమ్మ నొక్కితే అది మాట పలుకుతుంది. రెండేళ్ళుగా కూడబెట్టుకున్న ఆ మాటలన్నీ నిన్న సాయంత్రం అకౌంట్‌తో సహా ఎవరో డిలీట్ చేశారు.

నకరికల్లు ఎస్సై ఇంద్రజ ఆ ఇంటి వసారాలో కూర్చుంది. మూలనున్న ఎండుమిరప గుట్ట ఘాటుకు వచ్చీరాగానే తుమ్ములు మొదలయ్యాయి.

"ఆ టీచరమ్మ వల్లే మేడం!" పిల్ల తండ్రి ఫ్రాన్సిస్ అరిచాడు. "ఆన్‌లైన్ అంటా నేర్పింది ఆమే. ఎవడో జొరబడ్డాడు."

టీచర్ ప్రత్యూష ముఖం పాలిపోయింది. ఇలాంటి పిల్లలకు ఇంటర్నెట్ భద్రంగా వాడటం నేర్పడమే ఆమె పని. ఈ నింద నిలిస్తే ఇంకే ఇంట్లోనూ గడప తొక్కనివ్వరు.

"కంపెనీ ఏమంది?" ఇంద్రజ అడిగింది.

"డిలీట్ చేసింది ఈ ట్యాబ్‌లోంచే. సరైన పాస్‌వర్డ్‌తోనే," అంది ప్రత్యూష. "బయటివాళ్ళ పని కాదని మీరు చెబితే, అదే పాస్‌వర్డ్‌తో ఈ సాయంత్రంలోపు తిరిగి తెచ్చుకోవచ్చట. దాటితే ఇక రాదు."

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"సుస్మిత ఒక్కదానికే. మూడు బొమ్మలు. అవేమిటో నాకూ తెలియదు."

ఫ్రాన్సిస్ తమ్ముడు శౌరి సెల్ షాపు నడుపుతాడు. ఇంద్రజ అతని వైపు తిరిగింది.

"ట్యాబ్ రిపేరు చేసింది నువ్వేగా. పాస్‌వర్డ్ చూడలేదా?"

"యాడ చూడనిచ్చుద్ది మేడం! మన చేతులే పట్టుకుని మన కళ్ళ మీద పెట్టి అదుముద్ది. కళ్ళు మూసుకుందాకా బొమ్మ నొక్కదు. టీచరమ్మ చెప్పిన రూలంట."

ఇంద్రజ చప్పున తలెత్తింది. గుమ్మంలో పిల్ల తల్లి గ్రేసమ్మ నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బిపోయాయి. రాత్రంతా ఏడ్చిందని ఇరుగుపొరుగు పొద్దుటినుంచీ జాలిపడుతున్నారు. కానీ ఎంత ఏడిస్తే మాత్రం కనుబొమల పైదాకా చర్మం ఎర్రగా కందుతుందా?

"నిన్న సాయంత్రం ఏం చేస్తున్నావు గ్రేసమ్మా?"

"మిరపకాయలకి తొడిమలు తీస్తన్నా."

"ఆ చేతులు ఎప్పుడైనా కళ్ళకు తగలనిచ్చావా?"

"పిచ్చా ఏంది మేడం! చిన్నప్పటినుంచీ చేసే పనేగా."

"మరి నిన్న ఎలా తగిలాయి?"

గ్రేసమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"డిలీట్ పేజీ తెరిచి నువ్వే పిల్ల చేతికిచ్చావు. అమ్మ అడిగింది కదా అని అది పాస్‌వర్డ్ కొట్టింది. కొట్టేముందు రూలు ప్రకారం నీ చేతులు నీ కళ్ళకే అదిమిపెట్టింది. కారం చేతులు. అవునా?"

ఓర్వలేనివాళ్ళు కళ్ళలో నిప్పులు పోసుకుంటారంటారు. గ్రేసమ్మ ఏకంగా కారమే పోసుకుంది.

"అవును, నేనే!" గ్రేసమ్మ భోరుమంది. "కన్నది నేను. కడుపులో పెట్టుకు సాకింది నేను. అది పొద్దస్తమానం నొక్కేదేమో టీచర్ బొమ్మ! అది వింటంటే కడుపు రగిలిపోయేది. ఆ మాటలు పోతే మళ్ళా నా కొంగు పట్టుకుంటదనుకున్నా."

ఫ్రాన్సిస్ చెయ్యెత్తబోయాడు. ఇంద్రజ కసిరింది. తన కొడుకు కూడా పక్కింటి నౌషీన్ కలిపి పెడితేనే అన్నం తింటాడు. ఆ మంటేమిటో ఆమెకు తెలుసు.

కంపెనీకి ఫోన్ చేసి, ఇది ఇంటివాళ్ళ పనేనని చెప్పింది. ట్యాబ్ సుస్మితకిచ్చింది.

సుస్మిత ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి వాళ్ళ చేతులు వాళ్ళ కళ్ళ మీద పెట్టింది. ఎస్సైగారినీ వదల్లేదు. ఇంద్రజ బుద్ధిగా కళ్ళు మూసుకుంది.

"ఏందే, నా చేతులు తీస్తన్నావు?" గ్రేసమ్మ గొంతు వినిపించింది.

"తనకు బాగా నమ్మకమున్న ఒక్కరికి చూపించవచ్చని చెప్పాను," అంది ప్రత్యూష మెల్లగా. "ఆ ఒక్కరు ఎవరో తననే ఎంచుకోమన్నాను. ఇవాళే ఎంచుకుంది."

ట్యాబ్ మీద వేలు తగిలిన చప్పుడు. మరొకటి. మూడోది.

"నా ఫొటోనా? ఆ మూడో బొమ్మ నేనేనా నా తల్లీ!"

"అయ్యో, పైకి చెప్పేశారే! ఇక పాస్‌వర్డ్ మార్చాలండీ."

"మారుద్దాం టీచరమ్మా," గ్రేసమ్మ వెక్కుతూ అంది. "ఇయ్యాల్టికి మాత్రం ఉండనీయ్."