సగం కాలిన కర్పూరం

సౌమ్య భయం ఒక్కటే. చంకలో ఉన్న కూతురు మోక్షిత పెద్దదయ్యాక, "మీ నాయన్ను చంపింది మీ అమ్మే" అని ఎవరో చెబుతారు. మోక్షిత నమ్ముతుంది.

తిరువళ్ళూరు దగ్గర మాత్రల ఫ్యాక్టరీ. అక్కడి మురుగునీళ్ళలో మిగిలిన మందును యాక్టివేటెడ్ కార్బన్ ట్యాంకు పట్టుకుంటుంది. తడిసిన ఆ నల్ల బొగ్గు మీదే సౌమ్య మొగుడు మహేంద్ర శవం బోర్లా పడి దొరికింది. ఒంటి మీద గాయం లేదు.

ఇన్‌స్పెక్టర్ ఎస్తేర్ సౌమ్యనూ, అత్తనూ, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌నూ ట్యాంకు దగ్గరికే పిలిపించింది.

"ఆ పొద్దున ఏం తిన్నాడు?"

"చద్దన్నం, మేడమ్," అంది సౌమ్య. కళ్ళలో తడి లేదు.

"దాంట్లో ఏం కలిపినావో చెప్పవే!" అత్త దేవకి అరిచింది. "ముందురోజు రాత్రంతా వాడితో కొట్లాడింది మేడమ్!"

"నేనూ అదే తిన్నా, అత్తా."

"ఎవురు చూసినారు?"

సూపర్‌వైజర్ దినకర్ గొంతు సవరించుకున్నాడు. "తాగొచ్చినాడేమో మేడమ్."

ఎస్తేర్ ఫొటో చూపించింది. బొగ్గు మీద పళ్ళెం. అందులో కర్పూరం బిళ్ళ.

"ఇదేంది?"

"కొత్త బొగ్గు పోసినప్పుడల్లా పైన వెలిగించి లోపలికి దించుతాడు," అంది సౌమ్య. "మొక్కినాకే పార పడతాడు."

"ఊది ఆర్పుతాడా?"

"అయ్యో, కర్పూరాన్ని ఎవురన్నా ఊదుతారా? అదే కాలిపోవాల."

"మరి సగం మిగిలిందే? లోపల గాలి వీచదు గదా?"

ఎస్తేర్ ట్యాంకు మూత వైపు చూపించింది.

"తడి బొగ్గు మందునే కాదు, గాలిలో ఆక్సిజన్‌నూ లాక్కుంటుంది. మూసిన ట్యాంకులో ముందు మంట పోయింది. తర్వాత మనిషి. చద్దన్నం కాదు, సారా కాదు. పోస్ట్‌మార్టం కూడా అదే చెబుతోంది. దినకర్, మనిషిని దించేముందు మీటర్ పెట్టి గాలి చూసినావా?"

"బొగ్గే గదా మేడమ్..."

దేవకి బిడ్డ కోసం చేతులు చాచింది. సౌమ్య ఇచ్చింది. ఏడుపు మాత్రం రాలేదు.

"మా ఆయన జతగాడు వరదన్ యాడ?" అని అడిగింది.

దినకర్ మొహం పాలిపోయింది. "తిరుత్తణి ప్లాంటుకు పంపినా. అక్కడ కొత్త బొగ్గు..."

ఎస్తేర్ దినకర్ ఫోన్ లాక్కుని వరదన్‌కు కలిపింది. రింగ్ పోతోంది. పోతూనే ఉంది.

"హలో?" అన్నాడు వరదన్. తిరుత్తణిలో ట్యాంకు నిచ్చెన పైమెట్టు మీదున్నాడు. చేతిలో కర్పూరం పళ్ళెం.

మీ ఇంటి మనిషి ఎవరైనా ఇవాళ ట్యాంకులోకి దిగే పనికి పోయుంటే, ఇది పక్కన పెట్టి, ఒకసారి ఫోన్ చేసి చూడండి.