ధనలక్ష్మి చెప్పిన ఊరు

గద్వాలలో ఎరువుల దుకాణం పైన అద్దెకు తీసుకున్న ఆ గదిలో నాలుగు గోడలకూ బొంతలు వేలాడగట్టారు. రోడ్డు మీది ఆటోల మోత లోపలికి రాకూడదని. ఉన్న ఒక్క కిటికీ కూడా బొంత వెనకే ఉండిపోయింది. తలుపు మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. పాతగుడ్డల వాసన, కిందినుంచి వచ్చే పురుగుమందు వాసన రెండూ కలిసి గొంతులో కూర్చుంటాయి.

రేపు కట్టబోయే పట్నాల్లో మనుషులతో పాటు మాట్లాడే యంత్రాలు కూడా కాపురముంటాయట. ఇంటి తలుపు తీసేది, దవాఖానలో దారి చూపేది, ముసలివాళ్లకు మాత్రలు గుర్తుచేసేది అవేనట. వాటికి పాలమూరు మాట నేర్పాలని ఏదో కంపెనీ ఇక్కడ ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించింది. గట్టు ఊరి నుంచి వచ్చిన ధనలక్ష్మి ఆ పనికే పుట్టినట్టుండేది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. సీడు పత్తి చేలో పువ్వు పువ్వుకూ పుప్పొడి రుద్దుతూ నడుము విరగ్గొట్టుకునే మనిషికి ఫ్యాను కింద కూర్చుని మాట్లాడితే కూలి ఇస్తామంటే కాదంటుందా? "మనుషులు, మిషన్లు కలిసుండే ఊరు ఎట్లుంటదో నీకు తోచినట్టు చెప్పక్కా" అని అడిగితే, రోజుల తరబడి చెప్పింది. ఇంటికొచ్చి మొగుడికీ, బిడ్డకూ ఆ ఊరి ముచ్చటే చెప్పేది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. వారం తిరక్కుండానే ఆ నోరు మూతపడింది.

ఇప్పుడు ఆ గదిలో ఆమె భర్త వెంకటన్న, ఆరేళ్ల కూతురు పావని చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. తల్లి వాగుడంతా పుణికిపుచ్చుకున్న పిల్ల, తల్లి పోయాక ఆమె పేరిట పిట్టకు కూడు పెట్టిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. దవాఖానలో గొంతుకు ఏమీ కాలేదన్నారు. దర్గాలో తాయత్తు కట్టించాడు. తల్లి గొంతు వింటేనన్నా పలుకుతుందేమోనని ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇది కూడా పోతే అతనికి ఇంకో దారి తెలియదు.

ఆ పిట్టకు పెట్టిన రోజు వెంకటన్నకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ధనలక్ష్మికి ఇష్టమని జొన్నరొట్టె, పుంటికూర అనే గోంగూర విస్తట్లో పెట్టి అందరూ దూరం జరిగారు. కాకులు చెట్టు మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. పోయిన మనిషికి కోరిక మిగిలితే కాకి ముట్టదు, ఆ కోరిక తీరుస్తామని మాటిస్తేనే ముడుతుంది. అత్త మాటిచ్చింది. బావమరిది మాటిచ్చాడు. బిడ్డను బాగా చదివిస్తానని వెంకటన్న మొక్కుకున్నాడు. కాకులు చూస్తూనే ఉన్నాయి. ఎండ నెత్తికెక్కింది. ఏడుపు, విసుగు కలిసి అతను ఒక్కసారిగా అరిచాడు.

"ఇంగేం గావాలె నీకు? నువ్వు చెప్పిన ఊరికే తోల్కొస్త బిడ్డను. సరేనా!"

కాకులన్నీ ఒక్కసారే దిగాయి. విస్తరి ఖాళీ అయింది. చుట్టాలందరూ హమ్మయ్య అనుకుని స్నానాలకు లేచారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

"ముందుగాల నువ్వు విను అన్నా. పోరి జడుసుకుంటది" అంటూ, ఆ గది చూసుకునే తహసీన్ అతని చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించింది. "ఉత్త రికార్డే. అక్క అప్పుడు చెప్పిందే వస్తది." తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్లింది.

చీకట్లో రికార్డు వినిపించే యంత్రం మీద చిన్న ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోంది.

"ఆ ఊర్ల మట్టిపని, రాళ్లపని మిషన్లే జేస్తయి. కూలికని బొంబాయి బస్సు ఎవ్వరు ఎక్కరు. తల్లి పనికి వోయినా బిడ్డ ఒక్కతే ఉండదు. ఇల్లే అడుగుతది, తిన్నవా బిడ్డా అని..."

వెంకటన్న కళ్లు నిండాయి. అచ్చం ఆమే. మధ్యలో ఊపిరి తీసుకోవడం, నవ్వు ఆపుకోవడం... అంతా ఆమే. ఇంత బతికున్న గొంతు పెట్టుకుని ఎట్లా పోయింది ఈ మనిషి!

గొంతు ఆగింది.

ఆగింది గానీ... అవతల ఎవరో ఉన్నారు. ఊపిరి వినిపిస్తోంది.

"పావని నాయినా..."

అతను డిప్పలను చెవులకు గట్టిగా నొక్కుకున్నాడు.

"మాట నిలబెట్టుకున్నవ్."

ఆ వెనక ఎక్కడో... కిలకిలమని నవ్వు. చిన్నపిల్ల నవ్వు. తరవాత గలగలా మాటలు. "అమ్మా, ఇంగో ముద్ద... జర కారం తక్కువెయ్యి..."

పావని గొంతు.

వెంకటన్న ఎర్ర దీపం వెలుగులో తల తిప్పి చూశాడు. పావని అతని పక్కనే ఉంది. అతని చేతిలో ఆ పిల్ల చెయ్యి ఉంది. పెదవులు బిగించే ఉన్నాయి. కానీ దవడ... మెల్లగా ఆడుతోంది. నములుతోంది.

"ధనా" అని గొణిగాడు. "నీ కాళ్లు మొక్కుత. బిడ్డ మాట బిడ్డకియ్యి."

పిల్ల నవ్వు ఆగింది. తరవాత, ఏడుస్తున్నట్టు...

"ఇస్తే నేనొక్కదాన్నే గదా. ఊరంత కట్టిన్రు. ఇంటింటికి దీపాలు వెట్టిన్రు. ఒక్క మనిషి రాలె... ఇండ్లన్ని నా గొంతుతోనే అడుగుతున్నయి, తిన్నవా, తిన్నవా అని. ఎవరు పలుకుతరు?"

అతను డిప్పలు పీకేశాడు. చావు రోజు కూడా రానంత ఏడుపు వచ్చింది. బతికుండగా చేను, ఇల్లు తప్ప ఎరగని ఆడది, అంత పెద్ద ఊళ్లో ఒంటరిగా... తిడదామంటే నోరు రాలేదు.

తలుపు తెరుచుకుంది. వెలుతురు పడింది. తహసీన్ లోపలికి తొంగిచూసింది.

"ఏమన్న పలికిందా అన్నా?"

వెంకటన్న మోకాళ్ల మీద కూర్చుని, తువ్వాలు అంచుతో కూతురి మూతి తుడిచాడు. పచ్చగా అంటుకుంది. పుల్లటి వాసన. ఆ రోజు తరవాత వాళ్లింట్లో పుంటికూర వండనే లేదు.

పావని అతని చెయ్యి మెల్లగా పక్కకు జరిపింది. ఎర్ర దీపం వైపు తిరిగి నోరు తెరిచింది. వెంకటన్న ముందుకు వంగాడు. ఒక్క మాట, ఏదో ఒక మాట...

పిల్ల నోరు తెరుచుకునే ఉంది, తరవాతి ముద్ద కోసం.