వదినగారి ఖాళీ కంచం

ఆగండి, చేతిలో పని ఒక్క పది నిమిషాలు పక్కన పెట్టి ఇది వినండి. ఒక కంచం మూలంగా, అదీ ఖాళీ కంచం మూలంగా, దాదాపు కుదిరిన పెళ్లి చెడిపోబోయిన కథ ఇది.

ఆ రోజు ఆ ఇంట్లో పొద్దున్న ఎప్పటిలాగే మొదలైంది. నాన్న పేపరు పట్టుకున్నాడు, అమ్మ బియ్యం కొలుస్తోంది. కాలేజీ హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసి కిందటేడే మానేసిన మనిషి ఆవిడ. కూతుర్ని చిన్నప్పుడు తిండి తినదని పిట్ట అని పిలిచేవాళ్లు. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్లొచ్చి, రెండేళ్లు వేరే దేశంలో కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేసి వచ్చినా ఆ పిలుపు పోలేదు. ఆ దేశంలోనే ఒక అబ్బాయి ఆమెకు నచ్చాడు. అతనికి తల్లి తప్ప ఎవరూ లేరు. ఆవిడ ట్రామ్ నడుపుతుంది. కొడుకు చేసుకోబోయే పిల్ల ఇంటివాళ్లను చూసి, ఔనో కాదో తేల్చుకుని వెళ్దామని మొన్న సాయంత్రం ఒక్కతే వచ్చి దిగింది. అబ్బాయికి సెలవు దొరకలేదు. ఆవిడ మాట వీళ్లకు రాదు, వీళ్ల మాట ఆవిడకు రాదు, మధ్యలో అటూ ఇటూ మాటలు మోసేది పిట్టే.

"అన్ని బియ్యం ఎందుకమ్మా?" అంది పిట్ట.

"నిన్న చూశావుగా. ఐదుసార్లు వడ్డించాను, ఐదుసార్లూ కంచం తుడిచిపెట్టింది. చివరికి నాకూ నాన్నకీ గిన్నెలో అడుగంటిందే మిగిలింది."

"మరి మీరేం తిన్నారు?"

"నీళ్లు తాగాం," అన్నాడు నాన్న పేపరు వెనక నుంచి. "సాయంత్రం బిస్కెట్లు. ఈ కొత్త చెల్లెమ్మ ఇంకో వారం ఉందంటే నా పెళ్లినాటి ప్యాంటు నాకు పట్టేస్తుంది."

"ఊరుకోండి, వింటుంది."

"విన్నా అర్థం కాదుగా."

అమ్మ నవ్వలేదు. "తినేదాని గురించి కాదే పిట్టా. పెట్టినదంతా తింటోంది సరే, మీరు తిన్నారా అని ఒక్క మాట అడగదే. రేపు నువ్వెళ్లి ఆ ఇంట్లో బతకాలి."

పిట్టకు సంగతి తెలుసు. ఆ దేశంలో కంచం పూర్తిగా ఖాళీ చేస్తే బాగుంది, చాలు అని అర్థం. ఒక్క మెతుకు వదిలినా వంట నచ్చలేదన్నట్టే. ఇక్కడ సరిగ్గా దానికి తలకిందులుగా, కొంచెం వదిలితే కడుపు నిండినట్టు, ఖాళీ చేస్తే ఇంకా ఆకలి ఉన్నట్టు. అమ్మకయితే అది ఉద్యోగం నేర్పిన పాఠం కూడా. హాస్టలు పిల్లలు సిగ్గుపడి అడగరు కాబట్టి, ఖాళీ కంచం కనిపిస్తే గరిటె ఆగకూడదని ఆవిడే పెట్టుకున్న నియమం.

చెప్పేస్తే పోయేది. కానీ మూడొందల మంది ఆకలిని కంచం చూసి చెప్పే మనిషికి నువ్వు వడ్డించడం తప్పు అని ఎలా చెప్పడం? అదీ పరాయి ఇంటావిడ కోసం? రేపు చెప్తాలే అనుకుంది. నిన్న కూడా అలాగే అనుకుంది.

మధ్యాహ్నం మళ్లీ అదే. అతిథికీ, తోడు కూర్చున్న పిట్టకూ ముందు పెట్టి, అమ్మానాన్న తర్వాత తినడం ఆ ఇంటి అలవాటు. ట్రామ్ నడిపే ఆవిడ కంచం ఖాళీ చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని నవ్వింది. అమ్మ నిన్నటికన్నా ఎక్కువే వడ్డించింది. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుని మళ్లీ తింది. అమ్మ మళ్లీ వడ్డించింది. నాలుగోసారికి ఆవిడ పైపెదవి మీద చెమట పట్టింది. అయిదోసారికి అమ్మ చేతిలో గరిటె గిన్నె అడుగును గీకుతూ కరకరమంది. పిట్ట నోరు తెరిచింది, ఇద్దరి ముఖాలూ చూసింది, నోరు మూసుకుంది.

మర్నాడు ఉదయం ఆవిడ గదిలోంచి బయటికి వచ్చింది సూట్‌కేసుతోనే. ముఖం పాలిపోయింది, ఒక చెయ్యి పొట్ట మీద ఉంది.

"ఏమైందే?" అంది అమ్మ.

ఆవిడ నిలబడే మాట్లాడింది. పిట్ట వింటూనే సూట్‌కేసు పిడి గట్టిగా పట్టుకుంది.

"చెప్పవే, ఏమంటోంది?"

"ఈ పెళ్లి మీకు ఇష్టం లేకపోతే సూటిగా చెప్పొచ్చు కదా అంటోంది. చాలు అన్నాక కూడా కంచం నింపడం అంటే, తినడానికే వచ్చావు, తినేసి పో అనడమట. రెండు రోజులు ఎందుకు ఇలా అవమానించారని అడుగుతోంది."

అమ్మ ముఖం ఎర్రబడింది. "చాలు అని ఎప్పుడందట? నా వాటా, మీ నాన్న వాటా తెచ్చి ఆవిడ కంచంలో పోశాను. రెండు రోజుల నుంచి ఈ ఇంట్లో పొయ్యి వెలిగించినదానికి అన్నం లేదు. నేను అవమానించానా? వెళ్తానంటే వెళ్లమను. ఇలాంటి ఇంటికి నా పిల్లనివ్వను. చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు."

రెండు వైపులా ఇద్దరు తల్లులు. ఏదో సర్ది చెప్పి ఈ గంట గట్టెక్కించడం పిట్టకు చేతకానిది కాదు. కానీ సూట్‌కేసు గుమ్మం దాటితే ఆ అబ్బాయి కూడా దాటిపోయినట్టేనని తెలుసు. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"ఇద్దరిదీ తప్పు కాదమ్మా. నాది," అని రెండు దేశాల కంచాల సంగతీ, అమ్మానాన్న పస్తున్న సంగతీ మొత్తం చెప్పింది, ఒక ముక్క ఇటు, అదే ముక్క అటు, ఏడుస్తూ, ముక్కు తుడుచుకుంటూ. మొదటిసారి వాళ్లింట్లో తను చెంచాడు కూర వదిలితే ఆవిడ కంగారుపడిపోయి, ఉప్పెక్కువైందా అని అడిగిందని కూడా చెప్పింది.

"అంటే రెండేళ్ల నుంచి నీకు తెలుసు," అంది అమ్మ నెమ్మదిగా.

"తెలుసు."

"నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"ముప్పై ఏళ్లు వడ్డించినదానివి. నీకు నేను నేర్పినట్టుంటుందని, చిన్నబుచ్చుకుంటావని."

"నన్ను చిన్నబుచ్చకూడదని వదినగారి ప్రాణం తీయబోయావు కదే."

వదినగారు అన్న మాట ఆ ఇంట్లో వినపడడం అదే మొదటిసారి. నాన్న పేపరు మడిచేశాడు.

ఆవిడ మాత్రం పిట్ట చెప్పినదాంట్లో ఒక్క దగ్గరే ఆగిపోయింది. వీళ్లు తినలేదా? రెండు రోజులూ? పిట్ట తలూపింది. ఆవిడ సూట్‌కేసు మీదే కూర్చుని రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. కాసేపటికి లేచి, ఎవర్నీ అడగకుండా వంటింట్లోకి నడిచింది. నాలుగు గుడ్లు, రెండు బంగాళాదుంపలు వెతుక్కుని పొయ్యి వెలిగించింది. అమ్మ అడ్డం వెళ్లబోతే భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

అమ్మకు తన వంటింట్లో ఒకరు వడ్డించగా తినడం తెలియదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు సర్దుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తల వంచేసుకుంది. కన్నీళ్లు కంచంలో పడుతున్నా తింది. చివరికి మర్యాదగా ఒక్క బంగాళాదుంప ముక్క వదిలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ట్రామ్ నడిపే ఆవిడ ముఖం వాడిపోయింది.

ఈసారి పిట్ట ఆగలేదు. "అమ్మా, అది వదిలితే వంట నచ్చలేదని అనుకుంటుంది," అంది. ఇటు తిరిగి ఆవిడ భాషలో, "మా అమ్మ కడుపు నిండిందని చెప్తోంది, అంతే," అంది.

అమ్మ ఆ ముక్కను చూసింది. వదినగారిని చూసింది. ముక్క తీసి నోట్లో వేసుకుని, ఖాళీ కంచం ఆవిడ వైపు తిప్పి చూపించింది. ఆవిడ నవ్వుతూ ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు నాన్న.

"పెళ్లి ఎప్పుడు పెట్టుకుందామని," అంది పిట్ట.

"ముహూర్తం తర్వాత చూద్దాం. ముందు నాకో కంచం పెట్టమను చెల్లెమ్మని. నేను వదిలినా, ఖాళీ చేసినా, అర్థం మాత్రం ఇంకా కావాలనే."

ఇంతకీ మీరు చెప్పండి. ముప్పై ఏళ్లు వందల మందికి వడ్డించిన మీ అమ్మకి, ఇంటికొచ్చిన మనిషి ఎదురుగా, ఇక పెట్టకమ్మా అని మొదటి రోజే చెప్పగలిగేవారా?